నాలుగో భుజం

కొడవలి తగిలిన సంగతి నాకు తెలియలేదు. పక్క వరసలో కోస్తున్న బుల్లమ్మ నా చేతివైపు చూసి ఆగిపోయింది.

“ఓలమ్మా, ఏలు తెగింది. సూసుకోనేదేటి?” అంది.

చూసుకున్నాను. ఎడమచెయ్యి చిటికెనవేలి మొదట్లో లోతుగా తెగింది. పిడికిట్లో ఉన్న వరి దుబ్బు మీంచి రక్తం కారి చీర కుచ్చెళ్ళు తడిశాయి. అంత గాయమైతే ఎవరైనా కేక పెడతారు. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. బుల్లమ్మ తన తలగుడ్డ చింపి గట్టిగా కట్టు కట్టింది. కడుతూ నా మొహం చూసింది.

“నొప్పెట్టడం నేదా?”

“పెడతంది,” అన్నాను.

యాభై అయిదో సంవత్సరం కార్తీకమాసం. నాకు పంతొమ్మిదేళ్ళు. ఒరిస్సాలోని గుణుపురానికి రెండు కోసుల దూరంలో, వంశధార ఒడ్డున మా అత్తవారి ఊరు. వాళ్ళ పెద్దలు ఎప్పుడో పాలకొండ వైపు నుంచి వచ్చి అక్కడ పొలాలు చేసుకున్నారు. ఇంట్లో మేం నలుగురం. నేను, మా ఆయన జగ్గారావు, మా అత్త నారాయణమ్మ, పది నెలల మా పాప బాలామణి.

కట్టు కట్టించుకున్నాక కుప్ప చాటుకి వెళ్ళి కూర్చున్నాను. ఆరు నెలలుగా నా ఎడమ మోచేతి కింద రేగుపండంత మచ్చ ఒకటి ఉంది. అంచులు కాస్త ఎర్రగా, మధ్యలో పాలిపోయి ఉండేది. శోభి అనుకుని పసుపు రాసుకునేదాన్ని. గట్టు మీద తుమ్మముల్లు ఏరి ఆ మచ్చ మధ్యలో గుచ్చాను. తెలియలేదు. ఇంకాస్త లోతుగా గుచ్చాను. రక్తపు బొట్టు పైకి వచ్చింది. ముల్లు మాత్రం ఇంకెవరి చేతిలోనో దిగినట్టుంది.

మా పుట్టినూళ్ళో కన్నయ్య అనే మనిషి ఉండేవాడు. పెద్దరోగం వచ్చిందని ఊరవతల పాకలో ఉంచారు. ఎవరో ఒకరు రాతి మీద అన్నం పెట్టి, దూరంగా వెళ్ళాక కేక వేసేవారు. అతను బయటికి వచ్చి తింటుంటే మేం పిల్లలం చెట్ల వెనకనుంచి చూసేవాళ్ళం. చేతులకు వేళ్ళు లేవు. ముద్దని రెండు అరచేతుల మధ్య పట్టుకుని నోటికి ఎత్తుకునేవాడు. అతని భార్య, ఇద్దరు కొడుకులు ఊళ్ళోనే ఉండేవారు. వాళ్ళెప్పుడూ అటువైపు వచ్చేవారు కాదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పాప చేతులు చాచింది. నేను ఎత్తుకోలేదు.

మర్నాటి నుంచి పొడుగుచేతుల రవిక తొడుక్కున్నాను. చలికాలం కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. పాపకి పాలు మాన్పించాలని రొమ్ముకి వేపాకు నూరి రాసుకున్నాను. అది నోరు పెట్టి, మొహం చిట్లించి, నా మొహంలోకి చూసి ఏడ్చేది. నా ఎంగిలి గ్లాసు వేరుగా పెట్టుకునేదాన్ని. మా ఆయన పక్కన పడుకోకుండా పాపకి దగ్గని, నాకు నడుం నొప్పని ఏదో ఒకటి చెప్పేదాన్ని. పొద్దున్న లేవగానే వేళ్ళు లెక్కపెట్టుకునేదాన్ని. అయిదూ ఉన్నాయా అని. ఏరు పక్కనే ఉంది, నాలుగడుగులు వేస్తే చాలు అని కూడా అనుకున్నాను. పాప ఏడుపు వినపడి వెనక్కి వచ్చేదాన్ని.

వీటన్నిటికంటే మా అత్తంటే నాకు ఎక్కువ భయం. ముప్పై ఏళ్ళకే మొగుడు పోయి, అరక దగ్గర నిలబడి సేద్యం చేయించిన మనిషి. మాట తక్కువ. నేను కాపురానికి వచ్చిన మూడేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలిచింది నాలుగైదు సార్లే. ఆవిడ ఎదురుగా నిలబడితే నా చెయ్యి దానంతట అదే వీపు వెనక్కి పోయేది.

ఒక సోమవారం పొద్దున్న నేను పెరట్లో అంట్లు తోముతుంటే, గోడ అవతల ఆవిడ మా ఆయనతో అంటున్న మాటలు వినపడ్డాయి.

“రేపు మంగళారం దాన్ని గుణుపురం తీసుకెల్తాను. పిల్లని బుల్లమ్మ కాడ ఒగ్గేస్తాం.”

“సంతకా? దానికి ఇప్పుడు సంతలో పనేటమ్మా?”

“సంతకి కాదు. పనుంది.”

చేతిలో గిన్నె జారిపోయింది. ఆవిడకి తెలిసిపోయిందని అర్థమైంది. నన్ను రైలెక్కించి పుట్టింటికి పంపేస్తారా, లేక ఇంకెక్కడైనా దించేసి వస్తారా అన్నదే తెలియలేదు. ఆ రోజంతా ఇంట్లో ప్రతి వస్తువునీ చూస్తూ తిరిగాను. మర్నాడు పాపని బుల్లమ్మ చేతికి ఇస్తుంటే అది నా రవిక అంచు పట్టుకుని వదల్లేదు. మా అత్తే ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది.

ఏటి గట్టు వెంబడి నడిచాం. మంచు ఇంకా విడలేదు. ముందు ఆవిడ, వెనక నేను. కొండల మీంచి సవరలు చింతపండు కావళ్ళతో సంతకి పరుగులాంటి నడకతో పోతున్నారు. వాళ్ళంతా దాటిపోయాక ఆవిడ ఆగింది.

“రవిక సెయ్యి పైకి తియ్యి,” అంది.

తీశాను. కళ్ళు మూసుకున్నాను. చాలాసేపటికి ఆవిడ అడిగింది, “నా బొటనేలు తెలస్తందా?”

కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ బొటనవేలు ఆ మచ్చ మీద గట్టిగా అదిమి ఉంది.

“నేదు,” అన్నాను. ఏడుపు వచ్చేసింది. “అత్తా, నన్ను ఎక్కడా ఒగ్గీకు. పాకలో ఉంటాను. పిల్లని దూరంనించి సూసుకుంటాను.”

ఆవిడ గట్టు మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది.

“నాకు అమ్మన్నమ్మని ఒక అక్కుండేది. నీకు తెల్దు, ఈ ఇంట్లో ఎవులికీ తెల్దు. దానికి ఇదే ఒచ్చింది. పశువుల సాలలో ఉంచేరు. నాకు పదమూడేళ్ళు. నీల్లు అడిగితే, సెంబు నేలమీద పెట్టి కర్రతో తోసేదాన్ని. మా అమ్మ అలాగే సెయ్యమనీది. ఒకరోజు బండి కట్టేరు. పూరీ పొయ్యే యాత్రికుల దారిలో దించేసి ఒచ్చేరు. బండి ఎక్కినప్పుడు అది నన్ను పిలిసింది. నేను తలుపు చాటునించి రానేదు.” ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. “ఇప్పుడు మందొచ్చిందట. మాత్రలు. సంత దాటినాక మావిడితోపులో డాక్టరు ఒస్తాడని విన్నాను. మంగళారం మంగళారం. లే, నడు.”

నేను లేవలేకపోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లేపింది. మచ్చ ఉన్న చెయ్యే.

మామిడితోపులో ఒక జీపు, గుడ్డ డేరా ఉన్నాయి. డేరా ముందు ముప్పై నలభై మంది వరసలో కూర్చుని ఉన్నారు. కాళ్ళకి గుడ్డలు చుట్టుకున్నవాళ్ళు, ముక్కు దిగిపోయినవాళ్ళు, కనుబొమ్మలు ఊడిపోయినవాళ్ళు. నా ముందున్న ఆమె అచ్చం నా వయసుదే. చేతులు కొంగులో దాచుకుంది. ఎందుకో నావైపు తిరిగి నవ్వింది. నాకు వెనక్కి పరుగెత్తాలనిపించింది. ఆ వరస దేనికో సంతకి వచ్చే ప్రతి ఒక్కరికీ తెలుసు. దారిన పోయేవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అవతలి అంచునుంచి నడుస్తున్నారు.

అప్పుడే సూర్యకాంతమ్మ కనపడింది. మా ఊరి పెద్ద మన్మథరావు భార్య. తలమీద గంపతో సంతనుంచి వస్తోంది. మమ్మల్ని చూసి దారి మధ్యలో నిలబడిపోయింది.

“నారాయణమ్మొదినా, ఇక్కడ కూకున్నారేటి? ఎవులికి?”

ఆవిడ చూపు నా మొహం మీద పడి, పొడుగుచేతుల రవిక మీదికి దిగుతోంది.

“నాకే,” అంది మా అత్త. “రెండు నెల్ల బట్టి సెయ్యి తిమ్మిరిగుంది. ఒక్కదాన్నీ రానేక కోడల్ని తోడు తెచ్చుకున్నాను.”

సూర్యకాంతమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. గంప సర్దుకుని గబగబా వెళ్ళిపోయింది. మా అత్త చీర సర్దుకుని, వరస కదిలితే ముందుకి జరిగింది. నేను నోరు తెరవబోతే నావైపు చూడకుండానే, “ఊరుకో,” అంది.

డేరా లోపలి కాంపౌండరు గోవిందరాజులు విజయనగరం మనిషి. నన్ను కళ్ళు మూసుకోమని ఒకసారి కోడి ఈకతోనూ ఒకసారి సూదితోనూ చేతిమీద తాకించి, ఎక్కడ తాకిందో వేలితో చూపించమన్నాడు. కొన్నిచోట్ల చూపించాను, కొన్నిచోట్ల చూపించలేకపోయాను. డాక్టరు ఒరియా ఆయన, కుర్రవాడు. నా మోచేతి కింద నరాన్ని వేళ్ళతో దొర్లించి చూసి, “కిచ్చి భయ నాహిఁ,” అన్నాడు. ఏమీ భయం లేదని.

“ఒక్క మచ్చే. ఈ రకం ఇంకొకరికి అంటదు,” అని డాక్టరు మాట తెలుగులో చెప్పాడు గోవిందరాజులు. “కానీ మాత్రలు మానకూడదు. రెండేళ్ళు, మూడేళ్ళు, ఎన్నాళ్ళంటే అన్నాళ్ళు. మానేస్తే వేళ్ళు వంగిపోతాయి.”

“పిల్లకి పాలు?” అని మా అత్త అడిగింది.

“ఇవ్వొచ్చు.”

ఆవిడ మాత్రల పొట్లం అందుకుని తన కొంగున ముడి వేసుకుంది.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే మన్మథరావు వచ్చాడు. గుమ్మం ఎక్కలేదు. వీధిలో నిలబడి మా ఆయన్ని పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. మాట చెప్పడానికి ఆయన కూడా ఇబ్బంది పడ్డాడు.

“జగ్గా, నాకు పదిమంది ఒచ్చి సెప్పేరు. ఊళ్ళో పిల్లాజెల్లా ఉన్నారు. మీ నూతిలోనే కదా ఈ ఈదంతా నీల్లు తోడుకుంటాది. నువ్వే ఆలోసించు.”

మా ఆయనకి ఏమీ తెలియదు. అయోమయంగా ఇంట్లోకి తిరిగాడు. అప్పటికే మా అత్త చాప, దుప్పటి, ఒక చెంబు, ఒక కుండ గుమ్మం దగ్గర పెట్టుకుని ఉంది.

“ఏటి సూస్తావు? నిజఁవే,” అంది కొడుకుతో. “తోటలో కాపలా పాకుంది కదా. అక్కడ ఉంటాను. నువ్వు దగ్గరికి రాకు. పిల్లున్న ఇల్లు.”

నేను ఆవిడని పెరట్లోకి లాక్కెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను. నిజం చెప్పేస్తానన్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. గాజు ఒకటి పగిలింది.

“సెప్పేవంటే నేను ఏట్లో దిగుతాను. నిన్ను పంపించెస్తారు. ఆ పిల్లకి ఈ పేరు తగులుకుంటాది, రేపు దాని బతుకేటవుతాది? నేను ముసల్దాన్ని. నాకేటి పోయింది? ఇంటన్నావా?”

విన్నాను. విని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం గురించి ఇన్నేళ్ళూ ఆలోచించాను. పాప కోసం అని చెప్పుకునేదాన్ని. నిజానికి నాకు భయం. రాతి మీద అన్నం పెట్టించుకుని బతకాలంటే భయం. ఇంకొకరు ఆ పాకలోకి పోతుంటే లోపల ఎక్కడో ప్రాణం తేలికపడింది కూడా.

ఆవిడ చాప చంకలో పెట్టుకుని వీధిలోంచి నడిచి వెళ్ళింది. తలుపులు మూసుకున్నాయి. ఒక ఇంటిముందు కట్టేసి ఉన్న ఆవుదూడ మాత్రం ఆవిడ చీర వాసన చూసింది.

మాత్రలు ఆవిడ దగ్గరే ఉండాలి కదా, మందు ఆవిడదని అందరూ అనుకుంటున్నారు. అందుకని రోజూ పొద్దున్న నేను గంజి తీసుకుని తోటకి వెళ్ళేదాన్ని. ఆవిడ కొంగుముడి విప్పి, ఒక మాత్ర నా నోట్లో వేసి, మింగేదాకా చూసేది. తరవాత నా రెండు చేతులూ ముందుకి చాపించి వేలు వేలూ తిప్పి చూసేది.

“నీకు నొప్పి సెప్పదు. కన్నే సెప్పాల. పొయ్యి కాడ, కత్తిపీట కాడ, రోజూ సూసుకో. నేను ఎన్నాల్లు సూస్తాను?”

ఇంట్లో మూడేళ్ళలో మాట్లాడనన్ని మాటలు పాకలో ఉన్న ఏడువారాల్లో మాట్లాడింది. మా ఆయన చిన్నప్పుడు పాముని పట్టుకుని ఆడుకున్న సంగతి. విత్తనానికి ఏ మడి వడ్లు ఉంచాలో ఎలా తెలుస్తుందో. ఒకరోజు నాకు తల దువ్వింది. ఆవిడ వేళ్ళు గరుకుగా ఉన్నాయి. నా తల నా తల్లి పోయాక ఎవరూ దువ్వలేదు. నేను ఏడుస్తున్నానని ఆవిడకి తెలిసింది, కానీ చిక్కు తీస్తూనే ఉంది.

పాప మళ్ళీ పాలు తాగడం మొదలుపెట్టింది. మొదటిరోజు నోరు పెట్టడానికి భయపడింది. తరవాత వదల్లేదు.

మా ఆయన వారానికి రెండుమూడుసార్లు తోట గట్టుదాకా వచ్చేవాడు. పది అడుగుల దూరంలో నిలబడి, “అమ్మా, తిన్నావా?” అనేవాడు. ఆవిడ లోపలినుంచి, “తిన్నాను, పో,” అనేది. ఆయన అక్కడే కాసేపు నిలబడి వెళ్ళిపోయేవాడు. నేను పాకనుంచి ఇంటికి రాగానే పాపని ఎత్తుకోబోతే, “కడుక్కుని రా,” అనేవాడు. కడుక్కుని వచ్చేదాన్ని. ప్రతి మంగళవారం నేనూ ఆవిడా మామిడితోపుకి నడిచేవాళ్ళం. ఊరు దాటేవరకూ నేను నాలుగడుగులు దూరంగా నడవాలని ఆవిడ ఆజ్ఞ.

పుష్యమాసంలో మంచు ఎక్కువైంది. తోట ఏటి పక్కనే కావడంతో పాకలో చాప కూడా తడిసిపోయేది. ఆవిడకి దగ్గు పట్టుకుంది. తరవాత జ్వరం. ఇంటినుంచి కంబళి పట్టుకెళ్ళాను, నిప్పుల కుంపటి పెట్టాను. గుణుపురంలో వైద్యం చేసే ఒకాయన్ని మా ఆయన పిలవడానికి వెళ్ళాడు. రోగం సంగతి వినగానే ఆయన రానన్నాడు. కషాయం మాత్రం సీసాలో పోసి ఇచ్చాడు. మంగళవారం ఇంకా మూడురోజులుంది. నేను చెప్పేస్తాను అత్తా, చెప్తే ఇంటికి తీసుకుపోవచ్చు, అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అప్పుడైనా ఆవిడ మాట కాదని పరుగెత్తుకెళ్ళి చెప్పవలసింది. రేపటికి తగ్గకపోతే చెబుదాం అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న గంజి పట్టుకుని వెళ్ళేసరికి ఆవిడ ఊపిరి గురగురమంటోంది. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళు తెరిచి చూసింది.

“పిల్ల పాలు తాగిందా?”

“తాగింది అత్తా.”

“మాత్ర ఏసుకో.”

ఆవిడ కొంగుముడి విప్పి, ఆవిడ చూస్తుండగా ఒకటి వేసుకుని, పొట్లం చాప కింద పెట్టాను. ఎండ పాకలోకి వచ్చేవేళకి ఆవిడ ఊపిరి ఆగిపోయింది.

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. బయటినుంచి మా ఆయన గొంతు వినపడింది. “అమ్మా, తిన్నావా?”

నేను తల కింద దుప్పటి మడిచి పెట్టి బయటికి వచ్చాను. ఆయన గట్టు మీద, ఎప్పటి చోటే నిలబడి ఉన్నాడు. నా మొహం చూడగానే ఆయనకి అర్థమైంది. కానీ కాళ్ళు ముందుకి రాలేదు. ఆ పది అడుగులూ ఆయన దాటలేకపోతున్నాడు.

“లోపలికి రా,” అన్నాను. “అత్తకి ఏ జబ్బూ నేదు. ఎప్పుడూ నేదు. ఆ జబ్బు నాది.”

రవిక చెయ్యి పైకి లాగి చూపించాను. మామిడితోపులో ఏం జరిగిందో, పెరట్లో ఆవిడ ఏమందో చెప్పాను. ఆయన గట్టు మీద కూలబడిపోయాడు. కొట్టినా నేను కాదనేదాన్ని కాదు. కొంచెంసేపటికి లేచి, నా పక్కనుంచి నన్ను చూడకుండా లోపలికి వెళ్ళాడు. నేను వెనకాల వెళ్ళేసరికి తల్లి రెండు చేతులూ పట్టుకుని వేలు వేలూ తడుముతున్నాడు. కొడవలి పట్టి కాయలు కాసిన చేతులు. పది వేళ్ళూ నిండుగా ఉన్నాయి.

ఊళ్ళోకి కబురు వెళ్ళింది. ఎవరూ రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చేవేళకి బుల్లమ్మ, దాని మొగుడు మల్లేశు, మల్లేశు తండ్రి సన్యాసయ్య వచ్చారు. వెదుళ్ళు కొట్టి పాడె వాళ్ళే కట్టారు. “ఆ తల్లి మాకు రెండు కరువుల్లో గింజలిచ్చింది. మాకేటి బయ్యం బాబూ,” అన్నాడు సన్యాసయ్య. మా ఆయనతో కలిపి మూడు భుజాలయ్యాయి. నాలుగోదానికి మనిషి లేడు. కొరివి పెట్టవలసినవాడు నిప్పు పట్టుకుని ముందు నడవాలి, కానీ ఆ రోజు అవి చూసుకునే వీలు లేదు. నిప్పుకుండ బుల్లమ్మ పట్టుకుంది. పాపని చంకన వేసుకుంది.

నేను కొంగు బిగించి నాలుగో కొమ్ము దగ్గరికి వెళ్ళాను. ఆడది పాడె మొయ్యడం మా వైపు ఎవరూ విని ఉండరు. మల్లేశు మా ఆయనవైపు చూశాడు. మా ఆయన తన కొమ్ము దగ్గర వంగాడు.

“ఇసకలోంచి పోదాం,” అన్నాడు సన్యాసయ్య. ఏటి పక్కనుంచి వెళ్తే ఊరు తగలకుండా శ్మశానానికి పోవచ్చు.

“ఈదిలోంచి పోదాం,” అన్నాను.

మా ఆయన మొదటిసారి నావైపు తిరిగాడు. “ఒద్దు. నువ్వు ఆల్లకి ఏటీ సెప్పక్కరనేదు.”

“ఈదిలోంచే ఒచ్చింది ఆవిడ,” అన్నాను.

వెదురు భుజం మీద ఆనింది. మా అత్త బరువు అంత ఉంటుందనుకోలేదు. వీధి మొదట్లోకి రాగానే అరుగుల మీది మనుషులు లేచి నిలబడ్డారు. కొందరు లోపలికి వెళ్ళారు. పాడె కింద ఆడమనిషిని చూసి ఎవరో చీదరింపుగా ఏదో అన్నారు. ప్రతి గుమ్మమూ దాటుతుంటే ఇక్కడ చెప్పక్కర్లేదు, ముందు గుమ్మం దగ్గర చెబుదాం అనుకుంటూ నడిచాను. మన్మథరావు ఇంటిముందుకి వచ్చేసరికి ఇక ముందు గుమ్మం లేదని తెలిసింది. ఆగాను. నేను ఆగితే పాడె ఆగింది.

మన్మథరావు అరుగు మీద ఉన్నాడు. సూర్యకాంతమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

“మా అత్తకి పెద్దరోగం నేదు,” అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినపడింది. మళ్ళీ అన్నాను. కుడిచేత్తో వెదురు పట్టుకుని, ఎడమ రవిక చెయ్యి పళ్ళతో పైకి లాగాను. “ఇదిగో. నాకుంది. ఇంకొకలికి అంటదని డాక్టరు సెప్పేడు. నన్ను దాసి ఆవిడ ఎల్లిపోయింది. ఇదీ జరిగింది. మీ అందరికీ తెలవాల.”

సూర్యకాంతమ్మ మొహం తలుపు వెనక్కి పోయింది. మన్మథరావు అరుగు దిగాడు. చెప్పులు విడిచాడు. నా దగ్గరికి వచ్చి, కాస్త తటపటాయించి, “ఇలాగియ్యమ్మా, నేను పడతాను,” అన్నాడు.

“ఒద్దండి,” అన్నాను.

పాడె కింద ఉన్నదాన్ని, వెనక్కి తిరిగి చూడలేకపోయాను. కదిలాక వెనకాల అడుగుల చప్పుడు మాత్రం వినపడింది. కొన్నే. ఏటి ఒడ్డున దించాక చూశాను. పదకొండు మంది ఉన్నారు. దూరంగా నిలబడ్డారు, కానీ ఉన్నారు.

మేం తిరిగి వస్తుంటే తోటవైపునుంచి పొగ లేచింది. పాకని ఎవరో తగలబెట్టేశారు. మాత్రల పొట్లం ఆ చాప కిందే ఉండిపోయింది.

తరవాత రోజులు ఆ పాక రోజులకంటే భయంగా గడిచాయి. మా నూతికి ఎవరూ రావడం మానేశారు. కర్మ చెయ్యడానికి బ్రాహ్మడు వీధి చివర ఆగిపోతే మా ఆయనే అక్కడికి వెళ్ళి చేయించుకుని వచ్చాడు. ఆయన నాతో మాట్లాడలేదు. నేను వండింది తిన్నాడు, పాపని ఎత్తుకున్నాడు, అరుగు మీద పడుకున్నాడు. నా ట్రంకుపెట్టె సర్దుకుని గోడ పక్కన పెట్టుకున్నాను, పంపించేస్తే ఆలస్యం కాకూడదని. ఆయన దాన్ని చూసి పక్కనుంచి దాటిపోయాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటింది. నాకు పూర్తిగా నయమైందని చెప్పడానికి డాక్టరుకి మూడేళ్ళు పట్టింది. ఎడమచేతి చివరి రెండు వేళ్ళకీ ఇప్పటికీ వేడి తెలియదు. అయినా నిటారుగానే ఉన్నాయి. మా నూతికి జనం తిరిగి రావడానికి మాత్రం అంతకంటే ఎక్కువ కాలం పట్టింది. మొదట వచ్చింది సూర్యకాంతమ్మే. కుండ నింపుకుంటూ, తల ఎత్తకుండా, “నేను సూసింది ఊరికి సెప్పకుండా ఉండాల్సింది,” అంది. నేను ఆవిడకి చేద అందించాను. బాలామణి రాయగడలో పంతులమ్మ అయింది, దాన్ని కోరి చేసుకున్నవాళ్ళకి ఈ సంగతంతా ముందే చెప్పి ఇచ్చాం. మా అత్త ఏ మాట దాచమని ప్రాణం పెట్టిందో ఆ మాట చెప్పుకునే మేం బతికాం. ఆవిడకి నా మీద కోపం వస్తుందా అని కొన్నిసార్లు నన్ను నేనే అడుగుతాను. ఆవిడ వల్ల నాకు దొరికిన రోజుల్ని తలుచుకుని చేతులెత్తి దండం పెట్టుకుంటాను.

కానీ ఆ చలికాలం నా లెక్కలో ముగిసింది పన్నెండో రోజు దాటాక వచ్చిన మంగళవారం పొద్దున్న. నేను ఒక్కదాన్నే మామిడితోపుకి నడిచి వెళ్దామని పాపని బుల్లమ్మకి ఇవ్వబోతున్నాను. వీధిలో ఎడ్ల మెడగంటలు వినపడ్డాయి. మా ఆయన బండి కట్టి గుమ్మం ముందు ఆపాడు. లోపల గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి ఉంది.

“పిల్లని కూడా తెచ్చీ,” అన్నాడు. “ఎక్కు.”

పట్టపగలు, ఊరంతా చూస్తుండగా బండెక్కాను. ఏటి గట్టు ఎక్కేవరకూ ఆయన మాట్లాడలేదు. నేను ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. ఈ బండి గుణుపురంలో ఆగుతుందా, రైలు స్టేషనుకి పోతుందా అని ఇంకా భయంగానే ఉంది.

“ఆ మాత్రలు ఎప్పుడేసుకోవాల?” అని అడిగాడు, ముందుకి చూస్తూనే.

“పొద్దున్న, తిన్నాక.”

“ఈవేళ ఏసుకున్నావా?”

“నేదు. పాకతో కాలిపోయేయి. అప్పట్నించీ ఏసుకోనేదు.”

ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి నా చేతివైపు చూశాడు. తరవాత ముందుకి తిరిగి, పగ్గాలు విదిలించి, ఎడ్లని అదిలించాడు. అవి పరుగందుకున్నాయి.